పదిలో ఎంత

రాత్రి రెండు. కేజీహెచ్ క్యాజువాలిటీ, ఏడో మంచం.
గనగళ్ల ఎల్లాజీ నుదురు చీలింది.
డాక్టరు సూది దారంతో వచ్చేలోగా నాకు దొరికేది
ఒక స్టూలు, కొక్కేలు ఊడిన కర్టెను,
ఏ పది నిమిషాలో.

"మందా?"
"క్వార్టరమ్మా. అంతే."
"దాంతోపాటు?"
కర్టెను వైపు చూశాడు.
కానిస్టేబులు టీకి వెళ్లాడని చెప్పాను.
"గంజాయి... రెండు దమ్ములు.
వేటలో నిద్దరాపుకోవాల గదా."

లివరు బొమ్మ బయటికి తీయలేదు నేను.
మీ అమ్మ ఏడుస్తుందనీ అనలేదు,
వరండాలో ఆమె ఎటూ ఏడుస్తూనే ఉంది.
"మానాలని పదిలో ఎంతుంది?"
"మూడు," అని తల దించాడు, తిట్లకు సిద్ధపడి.
"ఒకటెందుకు కాదు?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు.
డీజిలూ చేపా కలిసిన వాసన కొట్టే చేతిని
తిప్పి తిప్పి చూసుకున్నాడు.
"మొన్న వల్లో తాబేలు పడిందమ్మా.
వల కోసి ఒగ్గేద్దామని కత్తి తీసినాను.
సెయ్యి ఒణికింది.
దాని రెక్క తెగిపోనాది."

డాక్టరు వచ్చేశాడు.
నా ఫారంలో తాబేలుకి గడి లేదు.
మూడు చుట్టూ సున్నా చుట్టి
పక్కన మార్జిన్లో రాశాను: చెయ్యి.

కుట్లు విప్పించుకునే రోజు
ముందు నా గదికి రమ్మన్నాను.
"వేట లేకపోతే," అన్నాడు,
కళ్లు మూసుకుంటూ.