ముందరి కాళ్ళ బందం

అనంతపురం కలెక్టరాఫీసు గోడ బయట
జిరాక్సు అంగడికీ బోండాల బండికీ నడుమ
నా టైపు మిషను.
ఇంగ్లీషులో ఐదో అక్షరం మీట అరిగిపోయి
సగమే పడుతుంది.
ప్రతి అర్జీ కిందా నేను కొట్టే ఆఖరి మాటలో
ఆ అక్షరమే మూడుసార్లు:
ఎక్స్‌పెడైట్.

ముప్పై ఒక్క ఏండ్లుగా కొడుతున్నా.
తొందరగా కానివ్వండి అని అర్థమని
అడిగినోళ్ళకు చెబుతూ వచ్చినా.
పైనుంచి కిందికొచ్చే కాగితం మీద అది ఆజ్ఞ,
కిందినుంచి పైకి పోయే కాగితం మీద దండం.
పంపించడం అని కూడా అర్థం ఉంది.
ఎక్కడికో చెప్పరు.

బెళుగుప్ప పక్కనుంచి కరియమ్మ వచ్చింది.
మృగశిరలో పిడుగు పడి
పద్నాలుగు గొర్రెలు పోయినాయి,
మొన్నటి మృగశిర కాదు, దాని ముందరిది.
ఇది ఆరో అర్జీ.
"మస్తానయ్యా, కడాన ఏదో ఒక మాట కొడతావే,
నా యాలిముద్రకు పైన,
ఐదుతూర్లు కొట్టినావు.
అదేమన్నా పని చేస్తాదా?"

నాకు కోపం రావాల. రాలేదు.
సంచిలోంచి డిక్షనరీ తీసినా,
పాత కాగితాల అంగట్లో కిలో లెక్కన కొన్నది,
అట్ట లేదు.
అద్దాలు తుడుచుకొని చదివినా.
లాటిను మాటంట.
వెలుపలికి అని ఒక ముక్క, పాదం అని ఇంకో ముక్క.
కాళ్ళకున్న కట్లు విప్పడం.
తొందర అనే ఊసే లేదు మొదట్లో.
దానికొక దాయాది మాట ఉంది:
కాళ్ళకు కట్టు వేయడం, అడ్డుపడటం.
అది నేనెప్పుడూ ఏ అర్జీలోనూ కొట్టలేదు,
కొట్టకుండానే జరిగేది.

విని కరియమ్మ నవ్వింది,
వక్కాకు ఎరుపు పెదవుల చివరిదాకా.
"ఓస్, బందం ఇప్పడమా!
ఈ మాత్రానికి ఇంగిలీసెందుకప్పా?
మంద ఆగినకాడ మా గాడిదకు
ముందరి కాళ్ళకు రోజూ ఏస్తాం.
కంబళ్ళూ కుండలూ రాత్రి ఈనిన పిల్లలూ
అన్నీ మోసేది అదే గదా.
మేస్తాది, దూరం పోదు. తెల్లారి ఇప్పుతాం."
ఆగింది.
"ఐతే నా కాగితానికి బందం ఏసినోడెవరు?
ఏసినోడే ఇప్పల్ల.
వాని పేరు కొట్టు."

నా వేళ్ళు మీటల మీదే నిలబడిపోయినాయి.
సెక్షను తెలుసు, సీటు తెలుసు,
ఫైలు నెంబరు ఏ రంగు సిరాతో వేస్తారో తెలుసు.
పేరు తెలియదు.
మళ్ళీ ఆ మాటే కొట్టినా.
సగం పడిన మూడు అక్షరాలనూ
ఈసారి పెన్నుతో దిద్దినా,
ఎన్నడూ దిద్దనివాణ్ణి.

కాగితం మడిచి కొంగున కట్టుకుంటా అనింది:
"ఇంకోటి ఇను.
బందం ఇప్పినాంక కూడా
గాడిద ఎంటనే నడవదు.
కట్టున్నట్టే రెండు కాళ్ళూ జతగా ఎత్తి
ఎగురుకుంటా పోతాది కొంత దూరం.
ఇప్పినారని దానికి తెల్దు.
ఈపు మీద తట్టి చెప్పల్ల."

యాభై తీసుకోవాల, ఇరవై తీసుకున్నా.
పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టేలోపలే
గేటు దాటి పోయింది.

సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి లేచినా.
పొద్దున్నుంచీ మడిచి కూర్చున్న కాళ్ళు
తిమ్మిరెక్కి, ఒకదాన్నొకటి వదలక,
జతగానే కదిలినాయి
బస్టాండు వైపు,
కొంత దూరం.