వాటం

గుంతకల్లు గుజరీలో కుళ్లాయప్ప అంగడి.
సైకిల్ చైన్లు, ఇత్తడి కుళాయిలు, స్టౌ బర్నర్ల అడుగున
సొట్టలు పడిన బిస్కెట్ డబ్బాలో
నాలుగు మడత కత్తులు.

"యాభై ఇయ్యి సా, ఏదన్నా తీసుకో.
రైల్వే కోటర్స్ ఖాళీ చేసినోళ్లు
తూకానికి ఏసిపోయిన్యారు."

మొదటిదానికి అంచున పెచ్చు లేచింది.
రెండోదాన్ని గోటితో మీటితే బొంగురుగా పలికింది,
ఎక్కడో పగులుంది.
నాలుగోదానితో ఎవరో ఉల్లిగడ్డలు తరిగినట్టున్నారు.
మూడోది తుప్పు పట్టింది, పట్టనీ,
వీపుకు పట్టింది, అంచు దాకా పోలేదు.
దాన్ని రుమాల్లో చుట్టుకొని తాడిపత్రి బండెక్కినా.

పద్దెనిమిదేళ్లుగా నాపరాళ్లకు పాలిష్ పట్టేవాణ్ణి.
రాయి మాట నాకు తెలుసు,
నీళ్లు తగ్గితే ఎట్లా కీచుమంటుందో తెలుసు.
ఇనుము మాట తెలీదు.

మద్దిలేటి సెలూన్లో ఇప్పుడన్నీ
సగానికి విరిచి వాడి పారేసే బ్లేళ్లే.
ఆ రోగం భయం ఊళ్లోకొచ్చిన ఏడు
తన మూడు కత్తులూ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టినాడు,
మళ్లీ దించలేదు.
నా కత్తి చూసి ముందు చేతులు తుడుచుకున్నాడు.
తర్వాతే పట్టుకున్నాడు.

"కిరసనాయిలు పూసి రాత్రంతా పండబెట్టు.
తుప్పును గెలకాకు, బతిమాలుకోవాల.
రాయి నన్నడుగుతావేంది, నీకు రాళ్లకు కరువా?
వీపూ అంచూ రెండూ రాయికి ఆనల్ల.
అంచు ముందు పోవాల.
తిప్పేటప్పుడు వీపు మీద తిప్పు,
అంచు మీద తిప్పినావో
వారం పని చిటికెలో పాయె."

మూల విరిగిందని ఫ్యాక్టరీ వెనక పారేసిన నల్లపలక,
నేను పాలిష్ పట్టిందే, ఇంటికి తెచ్చుకున్నా.
ఆ రోజు కుళాయి వచ్చే రోజు కాదు.
"చెంబెడే," అంది ఓబుళమ్మ,
"నీ కత్తికైనా, నీకైనా."

నాలుగు సాయంత్రాలు తోసినా.
ఎంత సమంగా తోసినా
మడమ దగ్గర అంచు రాయిని తాకదు.
నా చేతి తప్పేననుకున్నా.
మద్దిలేటి దాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తి,
ఒక కన్ను మూసి చూసి,
"ఎడంచేతోడు," అన్నాడు.
"నలభై ఏండ్లు నూరినాడు,
నూరినప్పుడల్లా రోంత ఒకపక్కకే ఒరిగినాడు.
ఈ వీపు చూడు, ఎట్ల అరిగిందో."

ఎవరో.
గార్డో, ఫైర్‌మనో,
తెల్లారి నాలుగు గంటల బండికి
గడ్డం గీసుకొని పోవాల్సిన మనిషి.
పేరు తెలీదు. మొహం తెలీదు.
చేయి ఎటు ఒరిగేదో తెలుసు.

"సరిజేస్తావా, సర్దుకుంటావా?
సరిజేస్తే నెల పడతాది,
సగం ఇనుము రాయికే పోతాది."
సర్దుకుంటా అన్నా.
మడమ దగ్గర చేయి రోంత ఎత్తి
పక్కకు జారుస్తూ లాగడం నేర్చుకున్నా.

ఆదివారం.
నాయన తోలు బెల్టు కిటికీ చువ్వకు కట్టి
ముప్పైసార్లు అటూ ఇటూ రుద్దినా.
మోచేతి వెంట్రుక చప్పుడు లేకుండా రాలింది.

చర్మం బిగబట్టి, కత్తి పడుకోబెట్టి,
కుడి చెంప దించినా.
గడ్డం కింది గుంటలో
ఆవగింజంత రక్తం. పటిక. మంట.
"ఇంకా ఉండావా?" అంది ఓబుళమ్మ వాకిట్లోంచి.
సగం నురగతో ఉండానన్నా.

ఎడమ చెంపకు చేయి మార్చాల.
ఆ చేత్తో నేను ముద్ద ముట్టను,
సంతకం పెట్టను, గొళ్లెం కూడా తీయను.
కత్తి అందుకుంది.
మడమ నుంచి మొన దాకా
ఒక్క చోటా తడబడకుండా గీసింది,
మోచేయి పట్టుకొని ఎవరో నడిపినట్టు.

చెంబులో మిగిలిన నీళ్లు కరేపాకు చెట్టుకు పోసినా.

మంగళవారం సెలూన్ మూత.
తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది.
బల్ల మీద విప్పిన గుడ్డ, మూడు కత్తులు,
దుమ్ముకు తుమ్ముతూ మద్దిలేటి.
"అబ్బీ, మీ ఫ్యాక్టరీ ఎనక
అట్లాంటి పలక ఇంకొకటి ఉంటాదా?"