రొట్టె చప్పుడు

"ఇంతకుముందు ఏం చేసేవాడివి?" అంది బోగ్నా,
నా దరఖాస్తు కాగితాన్ని బోర్లా పెట్టి.
వ్రోత్స్వాఫ్‌లో ఆ రోజు కురిసింది మంచు కాదు, వానా కాదు,
రెండూ తేల్చుకోలేక పడుతున్న ఏదో ఒకటి.
కిటికీ కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
కప్పులో చెంచా వణికేది.

పదకొండేళ్లు రాత్రిపూట రొట్టెలు కాల్చానన్నాను.
రై పిండి, పులిసిన ముద్ద, రెండున్నరకి మొదటి వాయి.
షాపు మూతపడ్డాక ఆర్నెల్లు
తమ్ముడి పాత కంప్యూటర్లో
గోడలు లేపడం, కూల్చడం నేర్చుకున్నాను.
డిగ్రీ లేదు. చేతుల మీద కాలిన మచ్చలున్నాయి.
దాచుకుందామంటే పొట్టిచేతుల చొక్కా.

ఆమె నవ్వలేదు. అడక్కుండానే తన సంగతి చెప్పింది.
ఆస్పత్రుల నేల మీద గీతలు గీసేదట.
ఎక్స్‌రేకి ఎర్రది, కాన్పుల గదికి పచ్చది,
శవాల గదికి మాత్రం గీతే వద్దన్నారట పైవాళ్లు.
"ఎవరూ నోరు తెరిచి అడగని చోటుకి దారెలా చూపించను?
ఆ మలుపులో ఒక దీపం కొంచెం మందంగా వెలిగేట్టు చేశాను.
వెళ్లాల్సినవాళ్లు వాళ్లంతట వాళ్లే అటు తిరిగారు."
ఇప్పుడు కోటల్లో అదే పని.
ఆటగాడు తనే కనిపెట్టాననుకునే ప్రతి సందులోనూ
ముందే ఒక లాంతరు పెట్టి
తను తప్పుకుంటుంది.

పక్క బల్ల దగ్గర హెడ్‌ఫోన్లలో మునిగినవాడు జెమోవిత్.
చర్చిల్లో ఆర్గన్ గొట్టాలు శుభ్రం చేసి వచ్చాడు.
ఒక గొట్టంలో ఎండిన గబ్బిలం దొరికిందట,
దాన్ని తీసేశాక ఆ స్వరం బాగుపడిందిగానీ
ఊళ్లోవాళ్లకి పాత ఏడుపే నచ్చేదట.

మల్వీనా పత్రికలో చావు కబుర్లు రాసేది.
మనిషికి నలభై మాటలు, ఆపైన మాటకింత.
ఇప్పుడు ఆటలో పడిపోయిన సైనికుల జేబుల్లో చీటీలు రాస్తుంది.
"ఇక్కడ లెక్క లేదు, అయినా నలభై దాటబుద్ధి కాదు" అంటుంది.

బోగ్నా అడిగింది ఒక్కటే ప్రశ్న.
"శత్రువు లేడు. నిధి లేదు.
ఒక గదిలో ఆటగాణ్ణి నాలుగు నిమిషాలు నిలబెట్టాలి.
తలుపు మూయకుండా."

పొయ్యి పెడతానన్నాను.
"వాసన రాదుగా," అంది.

నిజమే. నా పనితనమంతా ముక్కులోనే ఉంది,
ఈ గాజుపలకకి ముక్కు లేదు.
లేచి వెళ్లిపోదామనిపించింది.
ట్రామ్ తిరిగింది. చెంచా వణికింది.

ఆ చప్పుడుకి గుర్తొచ్చింది:
పొయ్యిలోంచి తీసిన రొట్టె ఊరుకోదు.
చల్లగాలి సోకగానే పైపెచ్చు చిటుక్కుమంటుంది,
ఒకటి, కాసేపాగి ఇంకొకటి, తర్వాత బల్ల బల్లంతా
ఎండుటాకుల మీద పిచ్చుకలు నడిచినట్టు.
మా ముసలి మేస్త్రి ఫ్లోరియాన్ దీపం ఆర్పేసి వినమనేవాడు.
అది ఆగేదాకా కత్తి ముట్టనిచ్చేవాడు కాదు.
ఎంతసేపని ఎవరం గడియారం చూసుకోలేదు.

జెమోవిత్ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు.
"మళ్లీ చెప్పు," అన్నాడు.

ఆ గది ఉంది, మూడో అధ్యాయంలో, వంతెన దాటాక.
అక్కడ ఏమీ జరగదు కదా, తీసేయమని
రెండుసార్లు పైనుంచి కబురొచ్చింది.
బోగ్నా రెండుసార్లూ మరిచిపోయింది.
ఆట విడుదలైన ఏడాదే సగం బల్లలు ఖాళీ అయ్యాయి.
మల్వీనా ఇప్పుడు మందుల డబ్బాల మీద జాగ్రత్తలు రాస్తోంది.
చివర వచ్చే పేర్లలో నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది,
దిద్దేవాడు అప్పటికే వెళ్లిపోయాడు.

ఒక్కటి చెప్పాలి.
తప్పులు పట్టడానికి కూర్చోబెట్టిన కుర్రాడొకడు,
రోజుకి పది గంటలు గోడలకి తల బాదుకోవడమే వాడి ఉద్యోగం,
ఆ గదిలో చాలాసేపు కదలకుండా నిలబడి
వెనక్కి తిరిగి అడిగాడు:
"ఇక్కడ దీపం ఎలా ఆర్పాలి?"

ఆ వీలు మేం పెట్టలేదు.
ఆ రాత్రే పెట్టాం.