నాలుగు డిగ్రీలు

పొద్దున్న అయిదున్నరకి
మనిషి నెత్తురు ముట్టుకోకముందు
ఎవరిదీ కాని నెత్తురొకటి మిషన్లో పెడతాను.
దాని పేరు కంట్రోల్.
దానికి ఊరు లేదు, వయసు లేదు,
పరగడుపున వచ్చామన్న విసుగు లేదు.
దాని జవాబు ముందే అట్టపెట్టె మీద అచ్చయి ఉంటుంది.
ఆ జవాబు మిషన్ తప్పకుండా ఒప్పజెబితేనే
కేజీహెచ్ మెట్ట దిగి వచ్చేవాళ్ల చెయ్యి పట్టుకునే హక్కు నాకు.

పదకొండేళ్లు, మహారాణిపేట సందులో.
మాటలు చాలానే నేర్చుకున్నాను.
శాంపిల్ అంటే చెంచాడు మనిషి.
సీరం అంటే నెత్తురు తనలో తాను ముడుచుకున్నాక
పైన మిగిలిన తేట.
బార్‌కోడ్, తప్పిపోకుండా కట్టిన మొలతాడు.
మిగతావి పుస్తకంలో ఉన్నాయి,
పరీక్ష రాసి మర్చిపోయాను.

పెదజాలారిపేట దానయ్యమ్మ
ఖాళీ తట్ట గుమ్మం బయట బోర్లించి
రిపోర్టులో తన అంకె పక్కనున్న అంకెల మీద
పొలుసు అంటుకున్న వేలు పెట్టింది.
"ఇది ఎవుల్ది బాబూ, ఈ నార్మలు?"
అందరిదీ అన్నాను.
"అందరంటే?
మూడింటికి లెగిసి హార్బరుకెల్లీవోలున్నారేటి అందల?"

ఎక్కడో ఎప్పుడో
నూట ఇరవైమంది ఆరోగ్యవంతుల్ని వరసలో నిలబెట్టి
అటు చివరా ఇటు చివరా కత్తిరించి
మధ్యది ఉంచుకున్నారట.
ఆమె లేదు అందులో.
నేనూ లేను.
ఆ మాట చెప్పకుండా బిల్లు చింపి ఇచ్చాను.

మొన్న ఆడిట్‌కి రషీదా గారొచ్చారు.
టీ వద్దన్నారు.
కొత్త మిషన్ వైపు చూడలేదు,
గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టూ చూడలేదు.
నేరుగా ఫ్రిజ్ దగ్గరకెళ్లి
తలుపుకి వేలాడుతున్న కాగితాల కట్ట తీశారు.
నాలుగు. నాలుగు. నాలుగు. నాలుగు.
రోజుకి రెండుసార్లు, మూడు నెలలు,
ఒకటే పెన్ను, ఒకటే వాలు.
"ఫ్రిజ్ కూడా ఊపిరి తీస్తుందండీ," అన్నారు మెల్లగా,
"తలుపు తీస్తే ఒకటి పెరుగుతుంది, రాత్రికి ఒకటి తగ్గుతుంది.
పనిచేసేదేదీ ఇంత నున్నగా ఉండదు."

తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు.
వాయుగుండం పట్టిన రాత్రి అది.
పెన్సిలు రాత, గడి చాలక అంచు దాటిపోయింది:
"పదకొండు. కరంటు నేదు. జనరేటరు పట్నేదు.
మందులు చేపల ఐసులో ఎట్టినాను. పైడితల్లి."

పైడితల్లి మా అటెండరు.
ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం ఆవిడకి లేదు.
అధికారం ఉన్నవాడు ఆ రాత్రి
మర్రిపాలెంలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.
పొద్దున్నే వచ్చి, పైగడి చదవకుండా,
కింద నాలుగు అని రాశాడు.

"మర్నాటి కంట్రోల్ చార్టు?"
తీసిచ్చాను.
ఒక చుక్క గీత దాటి బయట నిలబడి ఉంది,
వానలో తలుపు కొడుతున్న మనిషిలా.
రెండోసారి పెట్టాను. బయటే.
మూడోసారి లోపలికొచ్చింది,
వచ్చిందే చాలనుకున్నాను.
"ఆ రోజు ఎన్ని రిపోర్టులు వెళ్లాయి?"
ముప్పై నాలుగు.

ఆవిడ కోప్పడలేదు.
నా పేరు ఉన్న చోట ఏదో రాసి
కాగితం నా వైపు తిప్పారు.
పైడితల్లి తడిగుడ్డతో అదే గచ్చు
రెండోసారి తుడుస్తోంది.

సాయంత్రం ఫోన్లు మొదలుపెట్టాను.
డబ్బులక్కర్లేదండీ, మళ్లీ ఒకసారి రండి,
తప్పు మాదే.
కొందరు తిట్టారు. ఒకాయన ఏడ్చాడు.
దానయ్యమ్మ మాత్రం
"సేప సెడితే మొప్ప సెప్పీస్తాది,
మీకు ఇన్నాళ్లు పట్టిందా?" అని
పొద్దున్నే వస్తానంది.

ముప్పై ముగ్గురు ఎత్తారు.
ఆఖరి నంబరు స్విచ్చాఫ్.
ఫ్రిజ్ ఇప్పుడు అయిదూ పాయింట్ ఎనిమిది.
రాశాను.
మళ్లీ కలిపాను ఆ నంబరు.