రై ఆకు కబురు

సారెమా దీవిలో పొద్దుటి బస్సు నడిపే విర్వెకి
ఏడాది పొడవునా బుగ్గలు కెంపులే.
ముక్కు మీద సన్నటి ఎర్రదారాలు,
వాటి చుట్టూ ఆవగింజలంత పొక్కులు.
నిప్పు లేందే పొగ రాదన్నారు బస్సెక్కేవాళ్లు.
వాళ్లకి పొగ కూడా అక్కర్లేకపోయింది,
రంగు చాలింది.

మార్చిలో ఎవరో ఫోన్ చేశారు.
పోలీసు కుర్రాడు రైమో బస్సాపి
గొట్టం నోటికందించి ఊదమన్నాడు.
యంత్రం సున్నా చూపించింది.
ఆమె ఊదడం పన్నెండుమంది చూశారు.
సున్నాని చూసింది ఇద్దరే.

చర్మం డాక్టరు చీటీ చేతికొచ్చేసరికి మే నెల.
నా మందుల షాపులో నిలబడి చదివింది: రొజేషియా.
"పేరేమో పువ్వుకి పెట్టినట్టుంది, ముళ్లు నాకొచ్చాయి."
తెల్లటి ట్యూబు తీసిచ్చాను,
అజెలైక్ యాసిడ్, నూటికి పదిహేను పాళ్లు.
యాసిడ్ అన్న మాట దగ్గర చెయ్యి వెనక్కి పోయింది.

ఇరవయ్యేళ్లుగా ఈ షాపులో ఎవరూ అడగని సంగతి
కౌంటర్ మీద మోచేతులాన్చి అప్పుడు చెప్పాను:

తొమ్మిది బొగ్గుపూసల దండ ఇది,
రెండు కొసలా రెండు పులుపు ముడులు.
నీ బస్సు రోజూ దాటే రై చేలో ఉంది,
నువ్వు వెన్న రాసుకునే నల్ల రొట్టెలో ఉంది.
మన చర్మం మీద అద్దె కట్టకుండా బతికే బూజు కూడా
మన జిడ్డు తిని దీన్ని తయారుచేయగలదు.
పడవ మెకానిక్ కాలెవ్ వీపు చూశావుగా,
ఎంత ఎండ కాచినా రంగెక్కని పాలమచ్చలు?
అలాంటి మచ్చల కారణం వెతుక్కుంటూ పోయినవాళ్లకే
దారిలో ఈ మందు దొరికింది.
మచ్చల నేరం దీనిదేనా అన్నది మాత్రం
ఇప్పటికీ గట్టిగా తేలలేదు.
దీని మీదా ఒక పుకారుంది, నీ మీదున్నట్టే.

మొటిమలో దూరిన క్రిముల్ని ఎదగనివ్వదు.
మా అక్క కోడలికి కడుపుతో ఉన్నప్పుడు
చెంపల మీద మంగు కమ్మితే డాక్టరు ఇదే రాసింది.
దారి తప్పి రంగు కుమ్మరించే కణం చెయ్యి పట్టుకుంటుంది,
బుద్ధిగా పనిచేసుకునే కణం జోలికి అంతగా పోదు.

ఇంకోటి విను, నాకిష్టమైనది.
మొక్కలో ఒక ఆకుకి తెగులు సోకితే
ఇదే పులుపు రసంలోకి జారి
మిగతా ఆకుల దాకా వెళ్తుందట.
యుద్ధం చెయ్యదు. కేకలు వెయ్యదు.
"మేలుకుని ఉండండి" అంటుంది, అంతే.
శత్రువు నిజంగా వచ్చిననాడు
ఆ ఆకులు తడుముకోవు.
ఒక ఆకు చెప్పినదానికి ఇంకో ఆకు
గోరంత కూడా కలపదు.

విర్వె చాలాసేపు మాట్లాడలేదు.
"మా బస్టాపుల్లో రై మొక్కలుంటే బావుండేది," అంది.

మొదటి రెండు వారాలూ చీమలు పాకాయట.
చక్రం తిప్పుతూ బుగ్గ గోక్కోకుండా ఉండటం
మంచురోడ్డు మీద నడపడం కన్నా కష్టమట.
ఆవిరిగది మానెయ్యమని డాక్టరంటే
శనివారం ఒక్కటీ వదలనని దెబ్బలాడింది.
మానలేదు కూడా.
ఆదివారాలు ఇంకా ఎర్రగానే ఉంటాయి.

రై కోతలయ్యేసరికి పొక్కులు పోయాయి.
ఎరుపు పూర్తిగా పోలేదు, సద్దుమణిగింది,
మాట వినే కుక్కలా ఒక మూల పడుకుంది.

నిన్న రెండో ట్యూబుకొచ్చింది.
"ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది," అంది,
"తాగుడు మానేశానని.
ముసలి ఆస్టా అయితే బస్సు దిగుతూ
నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.
దేవుడు నా మొర విన్నాడంది."

ఏం జవాబిచ్చావన్నాను.

"ఏమంటాను? మెట్టు జాగ్రత్త అన్నాను."

డబ్బులు లెక్కపెట్టి, ట్యూబు జేబులో వేసుకుని వెళ్లింది.
అద్దంలోంచి చూస్తే
బస్సు ఖాళీ చేను పక్కన మలుపు తిరుగుతోంది,
కోసిన మొదళ్ల మధ్య
ఎవరూ విత్తని ఒక రై మొలక
అప్పుడే పచ్చగా.