నాలుగు కుదుళ్ల నడుమ

కాశీనగరం పల్లపు మడిలో
పోయినేడు చల్లిన యూరియా
ఒక్క వానకే వంశధారలో దిగి
టికెట్టు లేకుండా హిరమండలం పోయింది.

ఈసారి తవిటమ్మ చల్లనివ్వలేదు.
నాలుగు కుదుళ్ల నడుమ
బొటనవేలితో బురద గుచ్చి
ఒక్కో బిళ్లా దాచింది,
అప్పులాడి కంటపడకుండా
కొంగున రూపాయి ముడేసినట్టు.

వారం తిరిగినా చేను నల్లబడలేదు.
గట్టుమీంచి దండాసి నవ్వాడు:
"కప్పెట్టింది ఎరువేనా, ముడుపా?"
ఆమె పలకలేదు. నడుం పట్టేసుంది.

పక్క మడి
మతాబులా వెలిగి పాలిపోయాక
ఒక దుబ్బు పీకి చూసింది:
వేళ్లన్నీ, జీళ్ల కొట్టు తెలిసిన పిల్లల్లా,
బిళ్ల వేపే పోయాయి.

బస్తాల లెక్క కోతకి గానీ తేలదు.
పొట్టకొచ్చేనాటికీ ఈ మడి నల్లగానే ఉంది.
ఆమె బొటనవేలి గోరూ అంతే.