కోత

కాశిబుగ్గల కరెంటును నమ్మి ఏ పనీ మొదలుపెట్టొద్దు.
ఇన్వర్టర్‌కు తగిలిచ్చిన. దాన్నీ నమ్మక
కిందికి పోయి కనకలక్ష్మక్కకు చెప్పొచ్చిన:
గంటసేపు ఇస్త్రీ పెట్టకక్కా,
పెట్టె మెదడు మారుస్తున్న.
"నీది గూడ మార్చుకో" అన్నది, సూదిల దారం ఎక్కించుకుంట.

రెండు చెవులు, ఆరు నోళ్లు, పొట్టనిండ అంకెలు.
పొడుపు కథ కాదు, సదానందం సారు ప్రాసెసర్.
చిట్టి ఎత్తి కొన్నడు, పద్దెనిమిదేండ్లాయె.
ఈ మధ్య నాలుగో నోరు సోయి తప్పుతున్నది.
కరెంటు పోయొస్తే చాలు
బేస్ బాక్సులకు పోవాల్సిన ఉరుమును
హారన్లకు పంపి చింపుతున్నది.

చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.
పోయేముందు చివరి ఫర్మ్‌వేర్ ఒకటి వదిలిపోయింది,
వీలునామా లెక్క.
కొత్తదంటే పదకొండేండ్ల పాతది.
దానికి తొమ్మిది పిన్నుల కేబుల్ గావాలె,
కేబుల్‌కు ముసలి లాప్‌టాప్ గావాలె,
లాప్‌టాప్‌కు బ్యాటరీ లేదు.

ఎక్కిస్తే లోపలున్నయన్ని తుడుచుకపోతయట.
ఇలియాస్ చదువుతుంటే
రూళ్ల నోటుబుక్కుల రాసుకున్న.
పేరుకు ఎనిమిదక్షరాల జాగ.
పరకాల పట్టింది.
స్టేషన్ ఘన్‌పూర్‌కు స్టేషన్ ఊడిపోయింది.
కాజీపేట ఉర్సుకు రెండు:
ఒకటి మామూలుది,
ఒకటి వానొచ్చి టార్పాలిన్ కప్పినంకది.
హన్మకొండల ఒక ఫంక్షన్ హాలు
సగం పేరుతోనే పద్నాలుగేండ్లు పెండ్లిళ్లు చేసింది.

పదకొండోది: రేకులు.
రెండువేల నూట యాభై దగ్గర
దబ్బనమంత సన్నంగ, బాయంత లోతుగ ఒక కోత.
"ఇదేంది భాయ్, పాడెటోని గొంతుల ముక్క పోతది గద?"

మిల్లు కాలనీ రేకుల షెడ్డు.
ఒగ్గు కథైనా, యూనియన్ మీటింగైనా
మైకుల గొంతు లేవంగనే
నెత్తిమీద రేకు అందుకునేది.
నేనప్పుడు వైర్లు చుట్టే పిలగాన్ని.
సారు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టి
చిటికెనవేలు చెవుల పెట్టి తీసి
ఇంకో చప్పట కొట్టి
నాబు తిప్పుకుంట పోయిండు.
రేకు నోరు మూసింది.

ఆ షెడ్డు తూకానికి పోయింది.
కిలోకు ఎంతిచ్చిండ్రో తెల్వదు.
అది మోగిన మోత ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు.
మోగొద్దని పెట్టిన గాటు ఒక్కటి
ఈ పెట్టెల ఉన్నది.

ముప్పై రెండు శాతం. నలభై తొమ్మిది.
డెబ్బై ఒకటి దగ్గర కూసున్నది.
కూసునే ఉన్నది.
కింద కుట్టుమిషన్ మోటరు ఆగింది.
ఇలియాస్ నా మొకం చూసిండు,
నేను ఇన్వర్టర్ మొకం చూసిన.
"దారం తెగింది, ఏం కాలే!" కిందికెల్లి కేక.
డెబ్బై రెండు.

లేసింది. తన పేరు తప్ప ఏదీ యాదికి లేదు.
ఆరు నోళ్లూ ఒక్కతీరుగ, పలుగురాయి తాకని చెలక లెక్క
చదునుగున్నయి.
ఒక్కొక్క ఊరూ మళ్ల ఎక్కిచ్చినం.
పదకొండుకొచ్చినంక ఇలియాస్ నోటుబుక్కు మూసిండు,
"షెడ్డే లేదు గద భాయ్."

సారుకు ఫోన్ చేసిన. ఆయనకిప్పుడు సగమే ఇనిపిస్తది.
పెట్టె బాగైందని, ఎల్లుండి నర్సంపేటకు పోతున్నదని
అరిచి అరిచి చెప్పిన.
"రేకులది రాసుకున్నవా?" అన్నడు.

కొత్త దాంట్ల రెండువేల నూట యాభై లేదు.
నూట నలభై తర్వాత నూట అరవై.
నాబు అటొక మెట్టు, ఇటొక మెట్టు.
లేచి నిలబడి
స్లాబు కింద ఒక్క చప్పట కొట్టిన.
చిటికెనవేలు చెవుల పెట్టుకున్న.

"అయిందా?" కింద కనకలక్ష్మక్క.
"ఇస్త్రీ పెట్టుకోనా?"